మోట తోలిన బండి

పోర్ట్ సూడాన్‌లో బస్సువాడు
నాకంటే నా బండికే ఎక్కువ టికెట్టు అడిగాడు.
పైన ఎక్కించడానికి కూలి వేరే, తాళ్ళకు వేరే.
మూడేళ్ళు రేవులో గోధుమ బస్తాలు మోసి
కొన్న నూట పాతిక సీసీ.
దాన్నింకొకరు మోయడమేమిటి,
అదే నన్ను మోస్తుందిలే అన్నాను.
దొంగొలా ఎంత దూరమని?
తొమ్మిది వందల చిల్లర.
జూన్ నెల. రోళ్ళు పగిలే ఎండ.

ఎర్రసముద్రం కొండల్లో ఒక హదెందోవా ముసలామె
అల్లం దంచిన కాఫీ పోసింది, నిప్పు నిప్పులా.
ఈ ఎండలో ఇదేమిటమ్మా అంటే
"చల్లటిది తాగితే ఎండకు కోపమొస్తుంది" అంది.
చిల్లర లేదని, బదులుగా
ఇంకో రెండు గిన్నెలు తాగించింది.

హయ్యా దాటాక తెలిసింది,
గాలి గురించి నాకున్న తెలివంతా తప్పని.
వేగంగా పోతే చల్లబడతాననుకున్నాను.
పొయ్యి ముందు కూర్చున్నవాడు లేచి
పొయ్యిలోకి పరుగెత్తినట్టయింది.
ఇక్కడ విప్పకూడదు, కప్పుకోవాలి.
తలపాగా ముక్కు దాకా,
చొక్కా మీద చొక్కా,
చేతులకు మేజోళ్ళు.
తడిపి చుట్టుకున్న గుడ్డ మూడు నిమిషాల్లో అప్పడం.
తారు మెత్తబడి టైరును చప్పరించేది.
ఎండమావిని నమ్మలేదు గాని
అందులో నిలబడ్డ ఒంటెకు ఒకసారి హారన్ కొట్టాను.
దగ్గరికెళ్తే
లారీ టైరు పేలిక.

అట్బరాలో ఆరుబయట అద్దె మంచం.
తెల్లవారకముందే బయూదా ఎడారి.

నల్లరాళ్ళ బయలు. పురుగు లేదు, పిట్ట లేదు.
ఒంటరితనం గురించి గొప్పగా ఏదైనా ఆలోచిద్దామనుకున్నాను.
చైను వదులైందా, బిగిసిందా
అదొక్కటే వంద కిలోమీటర్లు ఆలోచించాను.

రోడ్డుకు దూరంగా కర్ర ఊపుతూ ఒక పిల్ల.
పదమూడేళ్ళుంటాయేమో. పేరు సిత్తనా.
వెనక ఒక బావి, దాని చుట్టూ మేకల రద్దీ,
తుమ్మ ముల్లు దిగి మూడు కాళ్ళ మీద నిలబడ్డ గాడిద.
బావి లోతెంత అని అడగనక్కర్లేదు,
నేల మీదే రాసి ఉంది:
మోకు లాగుతూ గాడిద రోజూ నడిచి అరగదీసిన బాట,
అరవై మూరలు.
బండిని చూపించి అడిగింది:
"నీ గాడిద లాగుతుందా?"

క్యారియర్‌కు మోకు ముడేసింది, నన్ను అడగకుండానే.
మొదటి గేరులో ముందుకు,
గిలక కుయ్యిమంది,
తోలు బొక్కెన వెలుగులోకి తూలుతూ వచ్చింది.
దించు. తోసుకుంటూ వెనక్కి.
మళ్ళీ.
తొమ్మిది వందల కిలోమీటర్లు పోవలసిన బండి
అరవై మూరల్లో మోట తోలింది.
పదోసారికి ఇంజను సెగలు కక్కింది.
సిత్తనా చెంబెడు నీళ్ళు దాని మీద కుమ్మరించబోతే
"పగులుతుంది!" అని అరిచాను.
"మరి దాహం ఎట్లా తీరుతుంది దానికి?" అంది, నిజంగానే.
నీడలో నిలబెట్టి ముగ్గురం ఎదురుచూశాం,
నేనూ, ఆమే, గాడిదా.

నలభైసార్లు.
నీళ్ళు ముందు గాడిదకు, తర్వాత మేకలకు,
తర్వాత నాకు.
మేకలు ముట్టిన తొట్టిలో నీళ్ళు,
కొంచెం ఉప్పన, కొంచెం తోలు వాసన.
అంత చల్లటి చీకటి
నా గొంతులోంచి ఎప్పుడూ దిగలేదు.
డబ్బులిస్తే ఆమె నవ్వింది.
నేను లాగాను గదా,
కూలి ఎవరు ఎవరికివ్వాలి?

దొంగొలాలో మా బావమరిది హమద్
బండికంటే ముందు మీటరు చూశాడు.
లెక్క ప్రకారం ఉండవలసినదానికి
రెండు కిలోమీటర్లు ఎక్కువుంది.
"దారి తప్పావా?" అన్నాడు.
లేదు, కొంచెం దూరం
కిందికి వెళ్ళొచ్చాను అన్నాను.
క్యారియర్ మీద మోకు ఒరుసుకున్న గీతను వేలితో తడిమి
కాసేపాగి,
మైలేజీ ఎంతిస్తోందని అడిగాడు.